మూకుడు అడుగున

ఆ బుధవారం సాయంత్రం వంట మోహన్ చేస్తున్నాడు; అంటే పంపరపనస ఒలుస్తున్నది వెంకటదుర్గ.

పంపరపనస ఒలవడం కమలాపండు ఒలవడం లాంటిది కాదు. పైన దూదిపరుపు లాంటి తొక్క, దాని కింద చేదు పీచు, ఆ కింద తోలుసంచుల్లా బిగుసుకున్న తొనలు. ఒక్కొక్క తొన వీపు చీల్చి, పొర విప్పి, లోపలి గులాబీరంగు గుజ్జు చిట్లకుండా విడదీయాలి. చిట్లితే రసం మోచేతి దాకా కారుతుంది. గోళ్ళ కింద మంట ఎలాగూ తప్పదు. పెరటి చెట్టుకు విరగకాసే ఈ కాయల్లో ఒకటి వినాయకుడి ముందుకీ, మిగిలినవి వీధి పిల్లల బంతాటకీ పోవడమే తప్ప, ఆ ఇంట్లో ఇదివరకెవరూ వాటిమీద ఇంత శ్రమ పెట్టలేదు.

"తొనలు నలక్కుండా చూడమ్మా. నలిగితే పళ్ళెంలో అందం ఉండదు," అన్నాడు మోహన్, అల్లం తరుగు కోసం చుట్టూ చూస్తూ. అల్లం తరుగు అతని మోచేతి పక్కనే ఉంది. తరిగి అక్కడ పెట్టింది వెంకటదుర్గే.

మోహన్ మస్కట్‌లో ఒక హోటలు వంటగదిలో ఆరేళ్ళు పనిచేసి వచ్చాడు. కామరాజు మాత్రం కొడుకు అక్కడ సూపర్‌వైజరని కొత్తపేట అంతటా చెప్పుకున్నాడు. దేన్ని సూపర్‌వైజు చేసేవాడని ఎవరూ అడగలేదు. ఇప్పుడు మోహన్ తండ్రితో కలిసి కొబ్బరికాయల వ్యాపారం చూసుకుంటున్నాడు. పెళ్ళయ్యాక బుధవారం రాత్రి వంట తానే చేస్తానన్నాడు, ఎందుకంటే ఆలమూరు మండలాఫీసులో పనిచేసే అతని భార్య ఝాన్సీకి ఆ రోజు మీటింగులుంటాయి, ఇంటికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

"కోడికూరలో పండేంటిరా? ప్రసాదం గాని చేస్తన్నావా?" అన్నాడు హాల్లోంచి కామరాజు.

"తిన్నాక చెప్పండి నాన్నగారూ."

"మీ అమ్మని చెయ్యనిస్తే పోయేది గదా. ఆవిడకి మాత్రం ఇంకేం పనుంది, పాపం."

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి, నిరుడు పదవీ విరమణ చేసిన ఆవిడ, చేతిలోని తొన పొర విప్పింది. తనకింక ఏ పనీ లేదని తేల్చడం ఒక ఎత్తు. దాని చివర ఆ పాపం అన్న మాటను తగిలించడం ఇంకో ఎత్తు. వాక్యాన్ని అలా కట్టడం కామరాజుకు బాగా వచ్చు.

గేటు బయట స్కూటీ ఆగింది. మోహన్ గరిట వదలకుండానే గుమ్మంలోకి వంగి, "వచ్చేసేవా? కాళ్ళు కడుక్కుని కూర్చో. చిటికెలో పెట్టేస్తాను," అన్నాడు.

వెంకటదుర్గ చేతిలో తొన చిట్లింది.

ఝాన్సీ లోపలికి వచ్చి, కొంగు దోపుకోబోతూ, "అత్తయ్యగారూ, నేనేమన్నా చెయ్యనాండి?" అంది. చెయ్యాలనే అడిగింది, ఆ పిల్ల అబద్ధం ఆడదు.

"నువ్వు కూర్చోవే, అలిసిపోయొచ్చేవు. అమ్మ ఉంది గదా," అన్నాడు మోహన్.

ఝాన్సీ వెళ్ళి హాల్లో కుర్చీలో వెనక్కి వాలి, చిన్న స్టూలు మీద రెండు పాదాలూ పెట్టుకుంది. వంటింట్లోంచి ఆ పాదాలు కనిపిస్తున్నాయి. చెప్పుల పట్టీల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి, ఎవరి అనుమతీ అడగకుండా.

అసూయ అన్న మాటను వెంకటదుర్గ తప్పించుకోలేదు. పిల్లలకు కప్పను కోసి, ఇది గుండె, ఇది కాలేయం అని చూపించిన మనిషి తన లోపలిదాన్ని పేరు మార్చి చూడలేదు. వీధిలో వీరలక్ష్మి, "మీ కోడలిది పెట్టి పుట్టిన జాతకమండి దుర్గగారూ, మొగుడు వండిపెడతన్నాడంట," అన్నప్పుడు "ఆయ్, మరేనండి," అని నవ్వింది. నవ్వుతూనే, ఇది అసూయ అని తనకు తాను చెప్పుకుంది. ఆ పిల్ల చీరలమీద ఆమెకు కన్ను లేదు. జీతంమీద లేదు, వయసుమీద లేదు. ఆ స్టూలు కావాలి. ఆ వాక్యం కావాలి. కాళ్ళు కడుక్కుని కూర్చో. తన కడుపున పుట్టినవాడి నోట అంత సులువుగా వచ్చిన ఆ మాట, తన పక్కన ఇన్నేళ్ళు పడుకున్నవాడి నోట ఒక్కసారీ రాలేదు. పరీక్షల రోజుల్లో సమాధాన పత్రాల కట్ట చంకన పెట్టుకుని, బస్సులో నిలబడి వచ్చి గుమ్మం ఎక్కితే, అదే కుర్చీలోంచి కామరాజు, "ఇంకా పొయ్యి వెలగలేదేం?" అనేవాడు. పక్కనుంచి అత్తగారు పాపాయమ్మ, "బళ్ళో కూర్చునే గదమ్మా ఉంటావు, అలుపేంటి?" అనేది. బడిలో ఆమె కూర్చున్నదెప్పుడో పాపాయమ్మకు తెలియదు. తనిఖీకి అధికారులు వచ్చిన రోజున ఆడ టీచర్లందరికీ వడ్డన పని పడేది. మగ టీచర్లు అధికారుల పక్కన కూర్చుని విద్యాప్రమాణాల గురించి మాట్లాడేవారు. అంతా వెళ్ళాక ఆడవాళ్ళు డేక్సా అడుగున మిగిలిన పులిహోర గీకి పంచుకునేవారు, నవ్వుకుంటూ. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఆమెకు ఒళ్ళు మండుతుంది.

మూకుడు చర్రుమంది. తోలు తీయని కోడి కాళ్ళను మోహన్ ఒక్కొక్కటిగా తిరగేస్తున్నాడు. చుట్టూ నెయ్యి, మిరియాలు, వేగిన తోలు వాసన. ఆ ఇనప మూకుడు పాపాయమ్మ అప్పనపల్లి తీర్థంలో కొన్నది. ఎన్నో ఏళ్ళ నూనె పీల్చి కాటుకలా నల్లబడింది.

ఆ మూకుడుకో చరిత్ర ఉంది. వెంకటదుర్గ కాపురానికి వచ్చిన కొత్తలో, మగవాళ్ళు తినేసి లేచాక, పాపాయమ్మ ఖాళీ మూకుడు ముందు పెట్టుకుని కూర్చునేది. అడుగున అంటుకుని మాడీ మాడని మసాలా, ఉల్లిపాయ, కోడి కొవ్వు. అందులో గుప్పెడు వేడన్నం వేసి, అట్లకాడతో గీకి గీకి కలిపి, కళ్ళు మూసుకుని తినేది. కోడలు గిన్నెలో మిగిలిన పులుసుతో తినేది. కళ్ళు మూసుకున్న ఆ ముసలి ముఖాన్ని చూసి, పళ్ళెంలో ముక్కలున్నవాళ్ళని చూసినప్పుడు కూడా పుట్టని కుళ్ళు పుట్టేది ఆమెకు. మోహన్ పుట్టిన ఏడాది, ఒక ఆదివారం, పాపాయమ్మ మూకుడును ఆమె వైపు తోసింది. "కలుపుకో అమ్మాయ్. రుచంతా అడుగునే ఉంటాది. వండినోళ్ళకే తెలుస్తాదది." కళ్ళలో నీళ్ళు తిరిగాయి వెంకటదుర్గకు, ఏదో పట్టాభిషేకం జరిగినట్టు. ఆనాటినుంచీ మూకుడు ఆమెది. అందరూ తిని లేచిన తర్వాత, వంటింటి తలుపు ఓరగా వేసి, పీటమీద కూర్చుని ఆమె తిన్న ఆ నాలుగు ముద్దలే ఆ ఇంట్లో ఆమెకు ఎవరూ వడ్డించనివీ, ఎవరూ వాటా అడగనివీ.

మోహన్ వేగిన కాళ్ళను పళ్ళెంలోకి తీశాడు. మూకుడు అడుగున తేనెరంగు పొర అట్టకట్టింది. అలవాటుగా ఆమె చెయ్యి మూకుడు చెవి వైపు వెళ్ళింది, దించి పక్కన పెట్టడానికి.

"ఉండుండమ్మా. అసలు పని ఇప్పుడే," అని మోహన్, ముందే పిండి ఉంచిన పంపరపనస రసం అందులో కుమ్మరించాడు.

ఆవిరి పైకి లేచింది. అతను చెక్కగరిటతో అడుగంతా గీకాడు, మూలమూలలా, ఏ మరకా వదలకుండా. కాస్త బెల్లం, మిరియాలపొడి, చివర ఒక వెన్నముద్ద. పల్చటి రసం చూస్తుండగానే నిగనిగలాడే చిక్కటి రసమైంది. తొనలు అందులో ఒక్కసారి పొర్లించి తీశాడు. మూడు చిన్న గిన్నెలు వరసగా పెట్టి రసం వంచాడు. మొదటిది ఝాన్సీకి. తండ్రి గిన్నె కాస్త పెద్దది.

"అడుగున కొంచెం ఉంచకపోయావా?" అంది వెంకటదుర్గ.

"అడుగునా? ఎందుకు?"

ఆమె మూకుడులో తినడం అతను ఎప్పుడూ చూడలేదు. తలుపు ఓరగా వేసుకున్నది తనే.

"నీ ముక్క గిన్నెలో మూతెట్టి ఉంచేనమ్మా. రసం మాత్రం ఆగితే బాగోదు, జిగురైపోద్ది. నువ్వెలాగూ తర్వాత గదా తింటావు," అన్నాడు మోహన్, పళ్ళేలు బల్లమీదకు చేరవేస్తూ.

"అదేంటండీ, అత్తయ్యగారు కూడా కూర్చోవచ్చు గదా," అంది ఝాన్సీ.

"అమ్మకి అందరం తిన్నాక నిమ్మళంగా తినడమే ఇష్టం ఝాన్సీ. చిన్నప్పట్నించీ చూస్తన్నాను గదా."

ప్రేమగానే అన్నాడు. తల్లి ఇష్టాయిష్టాలు ఎరిగిన కొడుకుగా, భార్యకు వివరించి చెప్పాడు. వెంకటదుర్గ నోరు తెరిచింది. "మీరు కానివ్వండి," అన్న మాట బయటికి వచ్చింది, అచ్చం పాపాయమ్మ గొంతుతో.

వంటింట్లో మూకుడు పొయ్యి మీద ఉంది. ఆమె వంగి చూసింది. గీకడానికి ఏమీ లేదు. పుల్లటి రసానికి అడుగున నలుపు కూడా వదిలి, ఇనుము ఒకచోట బూడిదరంగుగా బయటపడింది. ఆ రంగు ఆమె ఇంతకుముందు చూడలేదు. తన అరచేతిలో, తనకు తెలియకుండానే తీసుకున్న గుప్పెడు వేడన్నం ఉంది.

ఒక్క క్షణం ఆమె ఆ పిల్లను నిజంగానే ద్వేషించింది. స్టూలు తీసుకుంది, వాక్యం తీసుకుంది. చివరికి మూకుడు అడుగు కూడా గీకించుకుని గిన్నెలో పోయించుకుంది. కనీసం తను అత్తగారి దగ్గర ఎదురుచూసినట్టు ఎదురుచూడలేదు. ఎవరూ తోయకముందే దానికి దక్కింది.

హాల్లో కామరాజు రసం కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత, "ఒరేయ్, మీ అమ్మ ఇన్నేళ్ళు వండింది గాని ఈ రుచి ఎప్పుడూ తగల్లేదురా. ఏమేసేవు?" అన్నాడు.

"ఏవీ వెయ్యలేదు నాన్నగారూ. అడుగున అంటుకున్నదంతా గీకి పళ్ళరసం పోసేను, అంతే. రుచంతా అక్కడే ఉంటాది."

వెంకటదుర్గ చేతిలోని అన్నాన్ని తిరిగి గిన్నెలో వేసింది. పాపాయమ్మ వాక్యమే అది. ఇన్నేళ్ళూ ఇద్దరు ఆడవాళ్ళు దాన్ని తలుపు చాటున గుసగుసగా చెప్పుకున్నారు, ఎవరికైనా తెలిస్తే లాక్కుంటారేమోనని. ఈ రుచి ఈ ఇంట్లో ప్రతి వంట నాడూ ఉంది. ముందు కూర్చున్నవాళ్ళకు దొరకలేదు. దొరకలేదని వాళ్ళకు తెలియనైనా తెలియలేదు. దాన్ని తను నిధి అనుకుంది. నిధి అనుకోబట్టే పీటమీద కూర్చోగలిగింది. అత్తగారి మూకుడుమీది అసూయ తీరినందుకు, బల్ల దగ్గర కుర్చీ సంగతి అడగడమే మరిచిపోయింది.

"దుర్గా," అని పిలిచాడు కామరాజు. "చదువుకున్నదానివి గదే. ఇన్నాళ్ళూ నీకీ కిటుకు తట్టలేదా?"

ఆమె చేతులు కడుక్కుంది. మూతపెట్టిన గిన్నె, ఒక పళ్ళెం తీసుకుని హాల్లోకి వచ్చింది. బల్ల దగ్గర నాలుగో కుర్చీ ఉంది. దానిమీద ఎప్పుడూ కామరాజు తువ్వాలూ, పాత పేపర్లూ ఉంటాయి. వాటిని తీసి నేలమీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం, ఏవైనా కావాలా?" అన్నాడు కామరాజు.

"ఈ రుచి ఎప్పుడూ ఉండేదండి."

"ఏ రుచి?"

"ఇదే. మూకుడడుగున. మీరు తినేసి లేచేక నేను తినేదాన్ని. నాకు ముందు మీ అమ్మగారు తినేవారు."

కామరాజు నవ్వబోయాడు. "మరి చెప్పొచ్చు గదా."

"నేనేం తింటన్నానో మీరెప్పుడైనా అడిగేరా అండి?"

మోహన్ నోటిదాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. తల్లి ముఖం వైపు, వంటింటి తలుపు వైపు చూశాడు; దాన్ని ఓరగా వేసి ఉంచేవారన్నది అప్పుడే గుర్తుకొచ్చినవాడిలా.

ఝాన్సీ తన చిన్న గిన్నెను బల్లమీద జరిపింది. "నాది తీసుకోండత్తయ్యగారూ. నేనింకా ముట్టుకోలేదండి."

నిగనిగలాడే రసం గిన్నె అంచుల దాకా ఉంది. తోసిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు ఆ పిల్ల. సరిగ్గా ఇలాగే పాపాయమ్మ మూకుడును తోసింది. ఈ ఇంట్లో ఒక ఆడమనిషికి దక్కినదేదైనా ఇంకో ఆడమనిషి వాటాలోంచే వచ్చింది. తోసినవాళ్ళు ధన్యులయ్యారు, తీసుకున్నవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, బల్ల దగ్గర ఎవరి పళ్ళెమూ తరగలేదు. సాయంత్రం నుంచీ తన కన్ను ఎవరి పాదాలమీద ఉందో, ఎవరి పళ్ళెంమీద ఉండవలసిందో వెంకటదుర్గకు ఒక్కసారిగా తెలిసింది.

కామరాజు తన పెద్ద గిన్నెలోంచి కొంచెమే అన్నంలో వంచుకున్నాడు. మిగిలినదాన్ని, చివరి ముద్దల కోసం, మోచేతి పక్కన దాచుకున్నాడు.

ఆమె ఝాన్సీ గిన్నెను వేలితో వెనక్కి జరిపింది.

"నీది నువ్వు తినమ్మా," అంది. తర్వాత బల్లకు అడ్డంగా చెయ్యి చాపింది. "ఏవండీ, మీ గిన్నె ఇలా ఇవ్వండి."

కామరాజు గిన్నె వైపు చూశాడు. కొడుకు వైపు చూశాడు. కోడలి వైపు చూశాడు. ఆమె చెయ్యి చాపే ఉంచింది.