సూది తిరగని రీలు

మంచు కింద నీళ్ళు పచ్చగా ఉన్నాయి.

ఆ పచ్చదనంలో, రెండు నిలువుల లోతున, బియ్యపు గింజంత సీసపు గుండు వేలాడుతోంది. గుండుకి చిన్న గేలం. గేలానికి తెల్లటి పురుగు.

వేలాడుతూ, తిరుగుతోంది.

కుడికి... కుడికి... కుడికి... ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎడమకి.

చీకటి వైపు నుంచి ఓ చేప వచ్చింది. క్రాపీ చేప — వెండి ఒళ్ళు, ఒంటి నిండా నల్ల చుక్కలు, కాగితంలా పల్చటి మూతి. గుండుకి జానెడు దూరంలో ఆగింది. రెక్కలు మాత్రం మెల్లగా ఆడిస్తూ చూసింది.

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఇంకోటి వచ్చింది. చూసింది. వెళ్ళిపోయింది.

మూడు వారాలుగా ఇదే. నేను మోకాళ్ళ మీద వంగి, తల మీద ఆయన కోటు కప్పుకొని, మంచులో తొలిచిన బెజ్జంలోకి చూస్తూ ఉండటం. అవి పరామర్శకొచ్చిన చుట్టాల్లా కాసేపు నిలబడి, ఏమీ ముట్టకుండా వెళ్ళిపోవడం.

నాలుగు చెక్కగోడలు. ఒక రేకు పొయ్యి. నేలలో రెండు బెజ్జాలు. ఇది మా ఆయన గుడిసె.

మినెసోటాలో చలి ముదిరి సరస్సు గట్టిపడగానే దీన్ని మంచు మీదికి లాక్కొచ్చి నిలబెట్టేవారు. పదహారు చలికాలాలు ఆయన ఈ బెజ్జం దగ్గర కూర్చున్నారు. పదహారు చలికాలాలు నేను ఆ గోడవారన కూర్చుని పూలగుడ్డ కుట్టాను. ఆయనకి చేపలు. నాకు పూలు. మధ్యలో పొయ్యి, పొయ్యి మీద జిగురన్నం.

మాటలు తక్కువ. అవసరం పడేది కాదు.

ఆకులు రాలే రోజుల్లో ఆయన పోయారు.

ఈ ఏడు గుడిసె నిలబెట్టించింది నేనే. మరిది చెర్ పావ్ అప్పుడే అడిగాడు — పట్టేవాళ్ళు లేని గుడిసె ఎందుకని. అతనిది తప్పని అనను. అతని గుడిసె పాతది, నాలుగు వైపులా గాలి దూరుతుంది. మా థావ్ వంశం పెద్దలందరి ముందు తనకిమ్మని అడిగాడు. ఆ పెద్దలందరి ముందే నేను మాట ఇచ్చాను. జనవరి నెలాఖరు ఆదివారానికి, నా చేత్తో పట్టిన చేపలు బకెట్ నిండా చూపిస్తాను. చూపించలేకపోతే గుడిసె అతనిది.

పెద్దలు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మూడు ఆదివారాలు గడిచాయి. బకెట్ అడుగు పొడిగా ఉంది.

ఈ గుడిసె పోతే నాకు ఏం పోతుందో ఎవరికి చెప్పను? ఇంట్లో ఆయన మంచం ఉంది. బూట్లు ఉన్నాయి. గోడ మీద ఫోటో ఉంది. కానీ ఆయన ఇంట్లో ఉండేవారు కాదు. ఇక్కడ ఉండేవారు. ఇక్కడి నిశ్శబ్దం ఆయనది. దీన్ని తాడు కట్టి లాక్కుపోతే ఆ నిశ్శబ్దం ఎక్కడ దిగుతుంది...

సోమవారం పొద్దున పురుగు మార్చి, దారం వదిలాను.

ఆ రోజు చేపని చూడలేదు. గుండుని చూశాను.

తిరుగుతోంది. ప్రాణమున్న పురుగు నీళ్ళలో అలా తిరగదు. ఎవరూ తిప్పకుండా, గాలి లేకుండా, ప్రవాహం లేకుండా... ఏది దాన్ని తిప్పుతోంది?

ఆ తిరుగుడు నాకు తెలుసు.

నాకన్నా ముందు నా వేళ్ళకి తెలుసు.

నా చిన్నతనంలో, లావోస్ కొండల మీద, మొక్కజొన్న చేను గట్టున, మా అమ్మ నడుస్తూ నార పేనేది. నేను వెనకాల నడుస్తూ పేనేదాన్ని. పోగుకి పోగు అతికి, మెలిపెట్టి, కండెకి చుట్టడం. చుట్టిన కండె నుంచి దారం తీయడానికి రెండు దారులు. కండెని కదలకుండా పెట్టి, దాని తల మీద నుంచి లాగితే త్వరగా వస్తుంది — కానీ చుట్టు చుట్టుకీ దారంలో ఓ మెలి పడుతుంది. కండెనే తిప్పుతూ పక్క నుంచి తీస్తే నెమ్మదిగా వస్తుంది. మెలి పడదు.

నాకెప్పుడూ తొందరే. తల మీద నుంచి లాగేదాన్ని. అమ్మ వేళ్ళ మీద ఒకటి వేసేది.

గేలపు దారం చుట్టి ఉండే ఆయన రీలు ఒళ్ళో పెట్టుకుని చూశాను. దారం చుట్టిన కండె కదలదు. దాని తల మీద నుంచి దారం, చుట్టు వెంట చుట్టు, ఊడిపడుతోంది.

మెలి.

చుట్టు చుట్టుకీ ఓ మెలి.

అరవై ఏళ్ళ తర్వాత, మంచు మీద, నా వేళ్ళ మీద అమ్మ మళ్ళీ ఒకటి వేసింది.

మరి ఆయన ఎలా పట్టేవారు? ఇదే రీలు. ఇదే దారం. ఇదే బెజ్జం.

అప్పుడు గుర్తొచ్చింది. దారం వదిలాక ప్రతిసారీ ఆయన దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకునేవారు. ఏమీ చేయకుండా. ఒక పువ్వు కుట్టేంతసేపు. చేతులు ఖాళీగా పెట్టుకోవడం అంటే ఈయనకి ఎంత ఇష్టమో అనుకునేదాన్ని, కుడుతూ.

ఖాళీగా లేరు. కింద గుండు తన మెలి తాను విప్పుకునే దాకా ఆగేవారు.

ఆ ఓపిక ఆయనది. నా వేళ్ళకి ఈ చలిలో అంతసేపు స్పర్శ నిలవదు. నాకు వేరే రీలు కావాలి.

బుధవారం ఆర్లిన్ దుకాణానికి వెళ్ళాను. ఒడ్డునే ఉంటుంది. గేలాలు, పురుగులు, తొట్టెల్లో ఎర చేపలు, ఎప్పుడూ మరిగే కాఫీ. పురుగుల కోసం వచ్చిన చెర్ పావ్ అప్పటికే పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకొని ఉన్నాడు. ఇంకో నలుగురు ముసలి గడ్డాలు ఉన్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. నేను కూర్చోలేదు.

ఆర్లిన్ బల్ల మీద రీళ్ళు వరసగా పెట్టింది. బంగారు రంగుది ముందు పెట్టింది. ఈ ఏడు అందరూ అదే కొంటున్నారట. తిప్పితే నూనెలో తిరిగినట్టుంది. పెట్టె మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాను. వెన్నలా నున్నన, అని రాసి ఉంది. అబద్ధం కాదు.

కానీ కండె కదలదు. దారం తల మీద నుంచే.

ఎర్రది తీశాను. అంతే. నీలంది. అంతే.

అల్మరా చివర, దుమ్ములో, ఇంకొకటి కనిపించింది. నల్లది. అరచేయంత చక్రం. అందం లేదు. పిడి తిప్పితే కీచుమంది. కండె మొత్తం తిరిగింది — మా అమ్మ రాట్నం చక్రంలా.

దాన్ని కొన్నవాళ్ళు కొందరు తిరిగి తెచ్చి ఇచ్చారని ఆర్లిన్ దాచకుండా చెప్పింది. చుట్టడం ఆలస్యమట.

బంగారు దానికీ నల్ల దానికీ ఒకే రకం దారం చుట్టమన్నాను. చుట్టింది. కోటు అంచుకి గుచ్చుకున్న సూది తీసి, బంగారు రీలు దారానికి కట్టాను. మేడ మీది సామాన్ల గదికి చెక్కమెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టే ఎక్కి, కమ్మీ మీదుగా చెయ్యి చాపాను.

కింద నుంచి చెర్ పావ్ గొంతు.

“చేపలకి లంగాలు కుడుతున్నావా వదినా?”

ముసలి గడ్డాలకి మా భాష రాదు. అయినా నవ్వారు. మరిదులు వదినలతో మాట్లాడే తీరు ఏ భాషలోనైనా తెలుస్తుంది కాబోలు.

“కొలతలు తీసుకుంటున్నాను,” అన్నాను. “పక్కకి జరుగు.”

దారం వదిలాను.

సూది దిగింది. నేలకి జానెడు ఎత్తులో ఆగింది. ఆగి —

తిరిగింది. కుడికి... కుడికి... కుడికి... దీపం వెలుతురులో సూది కనిపించకుండా పోయి, ఓ వెండి మసకే మిగిలింది. ఆగి, మళ్ళీ ఎడమకి.

నవ్వులు తగ్గాయి.

పైకి లాగాను. సూది విప్పాను. నల్ల రీలు దారానికి కట్టాను. ఇది కూడా తిరిగితే? తిరిగితే ఇంకో రీలు లేదు. ఇంకో ఆదివారం లేదు.

చక్రం వదిలాను. అది కీచుమంటూ తిరిగింది. సూది దిగింది... నెమ్మదిగా... మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకునే ముసలమ్మలా దిగింది. జానెడు ఎత్తులో ఆగింది.

నిలబడింది.

మొన కిందికి. కన్ను పైకి. కన్నులో దీపం చుక్క.

తిరగలేదు.

పొయ్యిలో కట్టె చిటపటమన్న చప్పుడు వినిపించింది. నా గుండె చప్పుడు దారంలోకి దిగి సూదిని కదిలిస్తుందేమోనని ఊపిరి బిగబట్టాను. సూది కదల్లేదు. ఒక గడ్డం ముసలాయన కుర్చీలోంచి లేచి, మోకాలి మీద కూర్చుని, దాని చుట్టూ తల తిప్పి చూశాడు. చూసి, టోపీ తీశాడు.

చెర్ పావ్ ఊరుకుంటే చెర్ పావ్ ఎందుకవుతాడు?

“దాంతో నువ్వు చుట్టేసరికి చేప విస్కాన్సిన్ చేరుతుంది వదినా.”

“చేరనీ. దారం కొస నా చేతిలోనే ఉంటుంది.”

ఆర్లిన్ నల్ల రీలు దుమ్ము తుడిచి సంచిలో పెట్టింది. నలభై ఏళ్ళుగా రీళ్ళు అమ్ముతోందట. అందరూ పెట్టె మీద రాసింది చదివి కొన్నవాళ్ళే. “ఆ సూది ఇక్కడ వదిలి వెళ్తారా? మెట్ల దగ్గర వేలాడదీస్తాను,” అంది.

ఇవ్వలేదు. కోటు అంచుకి గుచ్చుకుని బయటికి నడిచాను. మంచు నా బూట్ల కింద గట్టిగా పలికింది. ఆయన పోయాక మొదటిసారి — నా అడుగుల చప్పుడు నాకు వినిపించింది.

మర్నాడు మంచుతుఫాను మొదలైంది. మూడు రోజులు ఎవరినీ ఇల్లు కదలనివ్వలేదు.

ఆదివారం తెల్లారింది. ఆఖరి ఆదివారం.

గుడిసె తలుపుకి అడ్డుపడిన మంచు పారతో తీశాను. బెజ్జంలో ఈ మూడు రోజుల్లో గట్టిపడిన మంచు పగలగొట్టి, గరిటెతో ముక్కలు తోడాను. పొయ్యి వెలిగించాను. మిరపకాయ నూరుడు, జిగురన్నం పక్కన పెట్టుకున్నాను. కోటు తల మీద కప్పుకున్నాను.

పచ్చగా ఉన్నాయి నీళ్ళు.

చక్రం మీద బొటనవేలు ఆన్చి, వదిలాను.

గుండు దిగింది. రెండు నిలువుల లోతున ఆగింది.

నిలబడింది.

చీకటి వైపు నుంచి అది వచ్చింది. వెండి ఒళ్ళు, నల్ల చుక్కలు. జానెడు దూరంలో ఆగింది. చూసింది. నేనూ చూశాను. గుండు కదల్లేదు. నేను కదల్లేదు. పురుగు ఒక్కటే, తన ప్రాణంతో తాను, కొంచెం కదిలింది.

చేప జానెడు దూరాన్ని బెత్తెడు చేసింది. బెత్తెడుని అంగుళం చేసింది.

క్రాపీ కింద నుంచి పైకి పట్టుకుంటుంది. దారం బిగియదు — వదులవుతుంది. ఆయన చెప్పలేదు. పదహారు ఏళ్ళు కుడుతూ ఓరకంట చూసినవి, ఎక్కడికీ పోలేదు.

దారం వదులైంది.

ఎత్తాను.

బరువు! నా మోచేతి దాకా పాకిన ప్రాణమున్న బరువు.

చుట్టాను. ఒక చుట్టు... ఇంకో చుట్టు... కీచు... కీచు... తొందర లేదు. కాగితం మూతి — తొందరపడి లాగితే చిరుగుతుంది, చేప పోతుంది. ఈ రీలుకి తొందర చేతకాదు. ముప్పై చుట్లు తిప్పాను. ముప్పై ఒకటో చుట్టుకి బెజ్జం వెండితో నిండింది.

మంచు మీద పడి తోకతో కొట్టింది. టప. టప. టప.

నేను నవ్వాను. గట్టిగా, ఒక్కదాన్నే, తలుపులు వేసిన గుడిసెలో. పొయ్యి గొట్టం కూడా మోగింది.

మళ్ళీ వదిలాను. మళ్ళీ నిలబడింది. మళ్ళీ వచ్చింది.

రెండు. నాలుగు. ఏడు.

మధ్యాహ్నానికి పది. పదితో ఆగమంటుంది ఇక్కడి చట్టం. పదోది పడ్డాక బకెట్ మూత పట్టలేదు. తోక ఒకటి బయటికి నిలిచి ఉంది — జెండాలా.

చెర్ పావ్ వచ్చాడు. భుజం మీద తాడు. వెనక ఖాళీ బండి, మంచు మీద జారేది. గుడిసెని కట్టి లాక్కుపోవడానికి తెచ్చిన తాడు. మంచి తాడు. కొత్తది.

తలుపు తీశాను. బకెట్ వైపు చూడమని అనలేదు.

చూశాడు.

చాలాసేపు చూశాడు. అతని మీసం మీద ఊపిరి గడ్డకట్టింది. ఆ రోజు అతని గుడిసెలో ఒక్కటీ పడలేదని అతని పొడి చేతులు చూస్తే తెలుస్తోంది. అనడానికి నాలుక మీద పది మాటలు ఉన్నాయి, చేపకొకటి. మింగేశాను. జిగురన్నం ముద్ద చేసి, మిరపకాయ నూరుడు అద్ది, అతని చేతిలో పెట్టాను.

తిన్నాడు. తిని, తాడు భుజం మీంచి దించాడు. బకెట్‌ని బండి మీదికెత్తి, దొర్లకుండా ఆ తాడుతోనే రెండు చుట్లు చుట్టి బిగించాడు. ఒడ్డున పెద్దలు టీ తాగుతూ కూర్చుని ఉంటారు. వాళ్ళ దాకా నా చేపల్ని అతనే లాగుతాడు.

నాలుగు అడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చాడు. నా వైపు కాకుండా పొయ్యి వైపు చూస్తూ అడిగాడు.

“వదినా... ఆ సూది ఒక్కసారి ఇస్తావా?”

కోటు అంచు నుంచి తీసి ఇచ్చాను. టోపీకి గుచ్చుకున్నాడు. తాడు భుజాన వేసుకుని, వంగి, లాగుతూ వెళ్ళాడు. తెల్లటి మంచు మీద అతను చిన్నవాడవుతూ ఉంటే, టోపీ మీద ఒక చుక్క మెరుస్తూనే ఉంది.

గుడిసె కదల్లేదు.

తలుపు వేసుకున్నాను. ఆ నిశ్శబ్దం తన చోట్లో తాను కూర్చుంది, బెజ్జానికి అవతలి వైపున.

గేలం విప్పేశాను. ఉత్త గుండు వదిలాను. పట్టడానికి కాదు.

దారం దిగి ఆగింది. మెలి లేదు. పట్టుకోవలసిన పని లేదు. అయినా నా రెండు వేళ్ళు వెళ్ళి దారాన్ని పట్టుకున్నాయి — ఆయన పట్టుకున్న చోటే.

మెలి సంగతి మీకు తెలుసా? తెలిస్తే, గోడవారన నార పేనిన మనిషి కూర్చుని ఉంటే, పదహారు ఏళ్ళు ఒక్క మాట ఎందుకు అడగలేదు? నేనెందుకు అడగలేదు, చేతులు ఖాళీగా ఎందుకు పెట్టుకున్నారని...

మంచు కింద నీళ్ళు పచ్చగా ఉన్నాయి.

చీకటి వైపు నుంచి ఒకటి వస్తోంది. పెద్దది. ఇంతవరకు చూసినవాటన్నిటి కన్నా పెద్దది. జానెడు దూరంలో ఆగింది.

గుండు నిలబడి ఉంది.

చూస్తోంది... వెళ్ళిపోవడం లేదు —