కడిగిన చెవులు

"నిజం చెప్పక్కా. ఇవి నీ ఉచ్చుల్లో పడ్డవేనా? ఎక్కడైనా కొన్నావా?" భూతద్దంలోంచి ఎలుక చెవిని చూస్తూ అడిగింది ఒరతై.

ఫోంగ్‌చాన్‌కి ఒళ్లు మండింది. ఆరోగ్య కేంద్రం నుంచి వారానికోసారి వచ్చే ఈ పిల్ల కోసం, వానలు మొదలైనప్పటి నుంచీ కొండ చేలో వెదురు ఉచ్చులు పెట్టి కూలికి ఎలుకలు పట్టి ఇస్తున్నది తనే. వాటి చెవుల్లో నారింజరంగు నలుసుల్లా అంటుకుని ఉండే పురుగుల్ని ఒరతై లెక్కపెడుతుంది. అవి కుడితే మనిషికి జ్వరం. వానల్లో ఒక్కో చెవిలో ముప్ఫై, నలభై కనిపించాయి. కోతలు మొదలై చలి పడ్డాక, రెండు నెలలుగా ఒక్కటీ లేదు.

"సంతలో కాల్చిన ఎలుకలేగా దొరికేది. బొచ్చుతో ఎవరమ్ముతారు? నన్ను మానిపించాలనుంటే తిన్నగా చెప్పు."

"అలా కాదక్కా. నమ్మబుద్ధి కావడం లేదు, అంతే."

ఆ వారమే ఫోంగ్‌చాన్ కూతురు నువన్‌కి జ్వరం వచ్చింది. కేంద్రంలో నర్సు చెయ్యి పట్టి చూసి, "పురుగు జ్వరం అయ్యుండదు. చలికాలంలో మీ చేలో పురుగే లేదని లెక్కల్లో తేలిందిగా," అని మామూలు బిళ్లలిచ్చి పంపింది.

నాలుగోరోజూ జ్వరం దిగలేదు. ఒళ్లు తుడుస్తుంటే పిల్ల నడుము మడతలో, చుట్టతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపించింది. పురుగు కుట్టినచోట అలాంటిదే పడుతుందని ఒరతై ఒకసారి చెప్పింది. మరి ఆ ఎలుకల చెవుల్లో ఏమీ లేదేం? తన ఎలుకల్ని ఎవరో మారుస్తున్నారు.

మర్నాడు పొద్దున ఎలుకల బుట్ట ఎప్పటిలాగే, గుంజల మీద కట్టిన ఇంటి కింద పెట్టి, పైకెక్కి వెదురు నేల సందుల్లోంచి కనిపెట్టి కూచుంది. అత్త ఖంపో వచ్చింది. బుట్టను నీళ్ల గొట్టం దగ్గరికి మోసుకెళ్లి, ఓ చచ్చిన ఎలుకను ఒళ్లో పెట్టుకుని, బూడిద అద్ది, పాత పళ్ల బ్రష్షుతో చెవులు తోమసాగింది.

"అత్తా, ఏం చేస్తున్నావ్?"

"కళ్లు కనిపించడం లేదా? వానాకాలంవి బక్కవి, వాటి మొహం ఎవరు చూస్తారు. ఇవి వడ్లు మేసి బలిసినవి. ఆ పిల్ల చూసుకుని తిరిగి మనకే ఇస్తుంది, కూరలో పడతాయి. చదువుకున్న పిల్ల చేతికి బురదతో పంపుతామా? మన ఇంటి గురించి ఏమనుకుంటుంది?"

"రెండు నెలలుగా ఇదే పనా?"

"నువ్వు చెయ్యవుగా మరి."

చెబితే తన పని పోవచ్చు. అత్త నవ్వులపాలవుతుంది. ఫోంగ్‌చాన్ ఇంకా కడగని ఎలుకను గుడ్డసంచిలో వేసి మూతి కట్టింది. పొరుగింటి బండి మీద కూతుర్ని ఎక్కించుకుని కేంద్రానికి వెళ్లింది.

ఫోంగ్‌చాన్ జరిగింది చెబుతుంటే, ఒరతై ఆ ఎలుక చెవిలో కిక్కిరిసిన నారింజరంగు నలుసుల్ని లెక్కపెట్టింది. తర్వాత నర్సును పిలిచి నువన్ నడుం మీది పొక్కు చూపించింది. ఈసారి బిళ్లలు వేరేవి.

"రెండు నెలల లెక్కా పోయింది," పుస్తకంలో పేజీలకు అడ్డంగా గీత కొడుతూ అంది ఒరతై. "చేలోకి ఎవరూ ఒట్టి కాళ్లతో వెళ్లొద్దని ఇవాళే ఊళ్లో చెప్పాలి."

"ఇక నన్ను రావద్దంటావా?"

"నువ్వు మానేస్తే ఈ చెవి నాకెవరు చూపిస్తారక్కా?"

మూడోరోజుకి నువన్ లేచి కూచుని అన్నం అడిగింది. కింద ఖంపో ఓ ఎలుకను తోక పట్టుకుని, చెయ్యి బారచాపి, మొహం అటు తిప్పుకుని కోడలికి అందించింది.

"ఇదిగో, మురికితోనే. మన ఇంట్లో నీళ్లు లేవని ఆ పిల్ల అనుకుంటే మాత్రం సమాధానం నువ్వే చెప్పుకో."