నూగు పట్టిన పట్టు

వరసగా రెండో ఈతలోనూ వీరవేణి గేదెకు పుట్టిన దూడ దక్కలేదు. పుట్టిన మర్నాడే నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. నిడదవోలు నుంచి పశువుల డాక్టరు హేమశ్రీ వచ్చి, పేగులో పురుగు చేరిందని సెలైన్ ఎక్కించింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"కడుపులో ఉన్నదంతా నీళ్లలా పోయింది కదండీ. ఆ పురుగు మాత్రం కొట్టుకుపోకుండా ఎలా ఉందండీ?" అంది వీరవేణి కళ్లు తుడుచుకుంటూ.

"మంచి మాట అడిగారండి" అని హేమశ్రీ అరుగుమీద కూర్చుని ఫోన్‌లో ఫొటో చూపించింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిందట. మాత్రలాంటి బ్యాక్టీరియా, దాని ఒళ్లంతా సన్నటి నూగు.

"వీటిని పిలై అంటారండి. మన వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నం. పసిదూడ పేగు గోడమీద వీటికి పట్టు దొరికే చోట్లుంటాయి. సరిగ్గా అక్కడే అతుక్కుంటాయి. ఇక పేగు ఎంత కదిలినా ఊడిరావు. ఆ పురుగు అక్కడే పెరిగి విషం వదులుతుంది. దానికే పేగులో నీళ్లూరతాయి."

దూడను మింగిన దానిమీద కోపం రావాలి. వీరవేణికి మాత్రం ఆశ్చర్యమే ఎక్కువైంది.

"కళ్లు లేవు, చేతుల్లేవు. ఎంత పనితనమండీ దానిది! మరి ఆపే దారి లేదాండీ?"

"ముర్రుపాలండి. తల్లి ఆ క్రిమిని ముందే ఎదుర్కొని ఉంటే, ఆ పాలల్లోని యాంటీబాడీలు నూగుని పూతలా కమ్మేస్తాయి. ఇక పురుగు గోడని అంటుకోలేదు. పుట్టగానే బాగా తాగించారా?"

ఆ ఇంట్లో తొలిపాలు జున్నుకే. దూడకి దక్కేది నాలుగు గుక్కలు.

మళ్లీ గేదె ఈనిన పొద్దున అత్తగారు గిన్నెతో వచ్చింది.

"ఈసారి దూడకేనండీ అత్తయ్యగారూ" అంది వీరవేణి.

"జున్ను పంపకపోతే చుట్టాలు ఏమనుకుంటారే?" అని ఆవిడ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

వీరవేణి దూడ ఒళ్లు తుడిచి పొదుగు దగ్గర నిలబెట్టింది. అది తాగలేకపోయినప్పుడల్లా పాలు పిండి సీసాతో పట్టింది. మర్నాడు దూడ కాస్త పలచగా పేడ వేసేసరికి వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది.

"కంగారు పడకండి, పాలు మాత్రం ఆపకండి. నేనొస్తున్నా" అంది హేమశ్రీ.

ఆమె వచ్చి చూసి వెళ్లిన సాయంత్రానికి దూడ తేరుకుని పొదుగుని తలతో పొడిచింది. గుమ్మంలోంచి చూస్తున్న అత్తగారు నెమ్మదిగా పాకలోకి వచ్చింది. అప్పుడే పక్కింటి ఏసమ్మ గ్లాసు పట్టుకుని వచ్చి జున్నుపాలు అడిగింది.

"ఈసారికి లేవమ్మా" అంది అత్తగారు. "దూడ పేగులకి పూత వేస్తున్నాం."

"పేగులకి కాదండీ, పురుగు నూగుకి" అని నవ్వింది వీరవేణి.

"ఏదైతేనేంలే" అంటూ ఆవిడ కొంగుతో దూడ మూతి తుడిచింది.