శనివారం ఆఖరి పీరియడు

రూపాదేవి మా బడికి వచ్చిన మొదటి శనివారం నాకు ఒళ్ళు మండిపోయింది. చోడవరంలో మా హైస్కూల్లో శనివారం ఆఖరి పీరియడంటే పదో తరగతికి నేను పెట్టే లెక్కల స్లిప్ టెస్టు. దాన్ని ఎత్తేసి, లెక్కలు, ఫిజిక్సు, బయాలజీ చెప్పే ముగ్గురం ఒకే బల్ల చుట్టూ కూర్చుని కలిసి పాఠం ఆలోచించుకోవాలట. స్టెమ్ అట, సైన్సూ లెక్కలూ కలిపి చెప్పడమట, ప్రాజెక్టు అట. ఇలాంటివి నేను చాలా చూశాను. కొత్త పేరొస్తుంది, ట్రైనింగొస్తుంది, టీ బిస్కెట్లొస్తాయి, ఆ తర్వాత ఎవరి గదికి వాళ్ళం పోతాం.

ఆవిడది రావికమతం. చాలా ఏళ్ళు బయాలజీ టీచరుగా చేసి, ఇప్పుడు చుట్టుపక్కల బడులు తిరుగుతూ టీచర్ల చేత ఇలా కలిసి పాఠాలు తయారుచేయిస్తోంది. స్కూటీ మీద వచ్చింది. ల్యాప్‌టాప్ తీసి బొమ్మలు చూపిస్తుందనుకున్నాను. తీయలేదు.

"ఈ బళ్ళో పిల్లలకి రోజూ చిరాకు తెప్పించేదేటి మాస్టారూ?" అని అడిగింది.

"నేనే," అన్నాను.

ఫిజిక్స్ చెప్పే శ్యాంప్రసాద్ నవ్వాపుకోలేకపోయాడు. ఆవిడా నవ్వింది కానీ ప్రశ్న వదల్లేదు. చివరికి బయాలజీ చెప్పే రాజ్యం నోరు విప్పింది. "కుళాయిల దగ్గర మడుగండి. మధ్యాహ్నం అన్నాలయ్యేక పళ్ళేలు కడిగిన నీరంతా అక్కడే నిలిచిపోతాది. రోజూ ఎవరో ఒకళ్ళు జారి పడతన్నారు."

"బాగుంది. దాన్నే పాఠం చేద్దాం," అంది రూపాదేవి.

అంతే, ముగ్గురం రెచ్చిపోయాం. నేల వాలు ఎలా లెక్కకట్టాలో నేను బోర్డు మీద గీసి చూపిస్తానన్నాను. నీరు ఎందుకు పల్లానికి పోతుందో తాను చెబుతానన్నాడు శ్యాంప్రసాద్. ఆవిడ అంతా విని ఒక్క మాటే అడిగింది.

"పిల్లలు ఏటి చేస్తారు?"

"చూస్తారు," అన్నాను.

"చూసి?"

"చూసి నేర్చుకుంటారండీ! మేమందరం అలా నేర్చుకున్నోళ్ళమే!" అని అరిచినంత పని చేశాను.

"మీరు నేర్చుకున్నారు మాస్టారూ. మీ పక్కన కూచున్నోళ్ళు నేర్చుకున్నారా?"

నా పక్కన కూర్చున్నవాడు ఎనిమిదిలోనే బడి మానేశాడు. ఆ మాట ఆవిడకు చెప్పలేదు.

ఆ తర్వాతి వారం ఇంకో తిరకాసు పెట్టింది. పిల్లలకు చెప్పేముందు బల్ల దగ్గర మాలో మేం చెప్పి చూసుకోవాలి, అదీ ఎవరి పాఠం వాళ్ళు చెప్పకూడదు. వాలు సంగతి రాజ్యం చెప్పాలి, నీటి వేగం నేను చెప్పాలి, ఆ మడుగు నీటితో పెంచుదామనుకున్న అరటి మొక్క నీరు ఎలా తాగుతుందో శ్యాంప్రసాద్ చెప్పాలి. వారం వారం మారుతూ ఉండాలి. లెక్కలంటే చిన్నప్పట్నుంచీ భయమని రాజ్యం మొత్తుకుంది. అయినా లేచి చెప్పింది, మధ్యలో ఆగిపోయింది. నేను అందించబోతే రూపాదేవి చెయ్యి అడ్డం పెట్టింది.

"మేడమ్ ఆగిన చోటే పిల్లలూ ఆగుతారు మాస్టారూ. ఆ చోటు గుర్తెట్టుకోండి. పిల్లల చేత ఎక్కువ పని చేయించాల్సింది అక్కడే."

అప్పుడు నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది. ఇన్నేళ్ళుగా నేను చెప్పే పాఠంలో పిల్లలు ఎక్కడ ఆగిపోతారో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడే తెలిసేది. ఆవిడ ఆ చోటును పాఠం మొదలవకముందే నా ముందు పెట్టింది.

తొమ్మిదో తరగతి పిల్లలు పనిలోకి దిగారు. తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ గొట్టంతో ఆవరణంతా కొలిచారు. మట్టిలో గుంతలు తీసి నీళ్ళు పోసి, ఎక్కడ త్వరగా ఇంకుతోందో చూశారు. ఒకరోజు నేను ఇంటికెళ్ళబోతుంటే చిన్నారి అనే అమ్మాయి గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. "సార్, మన లెక్క తప్పండి! మళ్ళీ కొలిసేం!" అంది. తప్పు తానే పట్టుకున్నందుకు దాని మొహం వెలిగిపోతోంది. లెక్క కోసం నా వెంటపడిన పిల్ల నా సర్వీసులో అదే మొదటిది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను.

ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ కామాక్షమ్మ గారు నన్ను పిలిచారు. "సోమవారం జిల్లా నుంచి ఆఫీసరు గారు వస్తన్నారు. ఆయనకి చూపించడానికి ఏదైనా ఉంటే సరి. లేదంటే ఆ పీరియడు మళ్ళీ మీ స్లిప్ టెస్టుకే ఇచ్చేస్తాను," అన్నారు. మొదటి వారం అయితే కొబ్బరికాయ కొట్టేవాణ్ణి. ఇప్పుడు భయమేసింది. ఆ పీరియడు పోతే నేను మళ్ళీ నా గదిలో ఒంటరివాణ్ణే. ఆ సంగతి నాకు తెలుసు.

సోమవారం పొద్దున్న బడికి వచ్చేసరికి మడుగు లేదు. దాని మీద ట్రాక్టరు లోడు ఎర్ర గ్రావెల్, చదునుగా దిమ్మిస కొట్టి ఉంది.

"ఆదివారమంతా నేనే దగ్గరుండి పోయించేను!" అన్నారు కామాక్షమ్మ గారు సంబరంగా. ఆవిడ తప్పేం లేదు. పెద్దవాళ్ళు వస్తున్నారంటే బాగోలేనివన్నీ మాయం చేయడం మా బళ్ళ ఆనవాయితీ. మేం వారాల తరబడి చదువుతున్న మడుగును ఆవిడ మర్యాద కోసం పూడ్చేశారు. నాకు మాత్రం ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆఫీసరు వస్తున్నారని ఆ రోజూ వచ్చిన రూపాదేవి స్కూటీ దిగి ఆ గ్రావెల్ దగ్గరికి నడిచింది. కేకలేస్తుందనుకున్నాను. వేయాలని కోరుకున్నాను కూడా.

"ఇప్పుడు నీరు ఎటు పోతాది?" అంది. శ్యాంప్రసాద్ చెప్పబోయాడు. "మీరు కాదు సార్. పిల్లలు."

పిల్లలు గొట్టం పట్టుకుని మళ్ళీ కొలిచారు. కాసేపు వాదించుకున్నారు. చివరికి చిన్నారి సుద్దముక్కతో నేల మీద ఒక గీత గీసింది. ఎక్కడో కాదు, హెడ్‌మిస్ట్రెస్ గది మెట్టు ముందు, సిమెంటు గచ్చు మీద.

"ఒసే, అది మేడమ్ గారి గదే!" అన్నాను కంగారుగా.

"నేనేటి సేస్తాను సార్? నీరు అక్కడికే వస్తాది," అంది.

ఆఫీసరు గారు రాలేదు. ఏదో మీటింగట. కామాక్షమ్మ గారు గ్రావెల్ వైపు చూసి నిట్టూర్చారు. "మడుగు పోయింది కదా, ఇంక ప్రాజెక్టేముంది? ఈ శనివారం నుంచి టెస్టు పెట్టుకోండి మాస్టారూ. మీరు కోరుకున్నదే కదా," అని లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పిల్లలు పళ్ళేలు కడిగారు. నీరు గ్రావెల్ దగ్గర కాసేపు తచ్చాడి, పక్కకు మళ్ళి, ఎర్రగా, మెల్లగా గచ్చు మీదికి వచ్చింది. వచ్చి వచ్చి ఆ సుద్దగీత దగ్గర పరుచుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. కామాక్షమ్మ గారు బయటకొచ్చి చీర కుచ్చిళ్ళు పైకెత్తుకున్నారు.

"ఈ గీత ఎవరు గీసేరు?"

"నేనే మేడమ్. పొద్దున్నే గీసేను, నీరు రాకముందు," అంది చిన్నారి.

"అయితే దీన్ని ఎటు మళ్ళించాలి?"

వెనక గోడ వైపు వాలు ఎంత కావాలో రాజ్యం గడగడా చెప్పింది. అక్కడ అరటి ఎందుకు వెయ్యాలో, దాని వేళ్ళు ఎంత పైపైనే పరుచుకుంటాయో నేను చెప్పాను. "మీరు లెక్కల మాస్టారు కదా!" అన్నారావిడ తెల్లబోయి. ఇదంతా జరుగుతుంటే రూపాదేవి పిల్లల వెనక నిలబడి ఒక్క ముక్కా మాట్లాడలేదు. నేనైతే ఆగలేకపోయేవాణ్ణి. అంత పని చేసి అంత వెనక నిలబడగల మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ శనివారం ఆవిడ రాలేదు. రోలుగుంట బళ్ళో కొత్తగా మొదలుపెట్టాలని ముందే చెప్పింది. పీరియడు ఉన్నట్టో పోయినట్టో కామాక్షమ్మ గారు ఏమీ చెప్పలేదు. నేను స్లిప్ టెస్టు కాగితాలు చేత్తో పట్టుకునే స్టాఫ్‌రూముకు వెళ్ళాను. రాజ్యం, శ్యాంప్రసాద్ అప్పటికే బల్ల దగ్గర ఉన్నారు.

అంతలో కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. కామాక్షమ్మ గారు తన గదిలోని కుర్చీని తానే లాక్కుంటూ వచ్చారు. ఇంకో చేతిలో ఫోను, చెవి దగ్గర.

"కాలవ తవ్వే మనిషితో మాట్లాడతన్నాను. రేపు ఆదివారమే తవ్వించి, అరటి పిలకలు కూడా పాతించేస్తాను. సోమవారానికి అంతా రెడీ!"

మేం ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. చెప్పడానికి రూపాదేవి లేదు. నేను టెస్టు కాగితాలు బల్ల కింద పెట్టాను.

"పిల్లలు ఏటి చేస్తారు మేడమ్?"

ఆవిడ నా వైపు చూశారు.

"మళ్ళీ ఫోన్ చేస్తాను బాబూ," అని ఫోను పెట్టేసి, కుర్చీ బల్లకు దగ్గరగా జరుపుకుని కూర్చున్నారు.