దానంతటదే పగిలిన గ్లోబు

మా ఇంట్లో వస్తువులన్నింటికీ ప్రాణముంది. గ్లాసు దానంతటదే పడిపోతుంది, పాలు వాటంతటవే ఒలికిపోతాయి, పుస్తకం దానంతటదే చిరిగిపోతుంది. అలాగని చెప్పేది మా ఎనిమిదేళ్ల అమ్మాయి. ఏమడిగినా "పోయింది" తప్ప "చేశాను" అన్న మాట దాని నోటెంట రాదు. మా నాన్న దానికి పోయిందమ్మ అని పేరు పెట్టి మురిసిపోతాడు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

నేను బట్టలు కుడతాను. ఇంటి ముందు గదే నా కొట్టు. ఆ రోజు బడి నుంచి రాగానే అది మిషను పక్కన చతికిలబడి, "అమ్మా, క్లాసులో గ్లోబు పగిలిపోయింది" అంది.

"ఎవరు పగలగొట్టారు?"

"అదే పగిలిపోయింది."

కూపీ లాగితే తేలిందేమిటంటే, ఎవరూ లేనప్పుడు మా మహాతల్లి దాన్ని బంతిలా ఎగరేసింది. అది కిందపడి రెండు చిప్పలయింది. గ్లోబు చూసుకునే పని రిబ్బన్ల పిల్లది, అంటే దీని ప్రాణ స్నేహితురాలిది. నేరం ఆ పిల్ల మీద పడింది. టీచర్ ఆ పిల్ల లీడర్ బ్యాడ్జి తీసేసుకున్నారు. అది వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఇది నోరు మూసుకుని కూర్చుందట.

ఇక నేను ఊరుకుంటానా! మా వీధి నర్సుగారు కుట్టించుకున్న గౌను ఇస్త్రీ చేస్తూనే అందుకున్నాను.

"రేపు వెళ్లి పగలగొట్టానని చెప్పు. ఏదీ, ఒక్కసారి అను!"

"టీచర్ తిడతారు" అని గొణిగింది.

"తిడితే పడు! ఆ పిల్ల పడలేదా నీ బదులు?" అంటూ దానివైపు తిరిగి దంచడం మొదలుపెట్టాను. కమురు వాసన వచ్చేదాకా నా ఉపన్యాసం ఆగలేదు.

గౌను ముందు భాగం మీద ఇస్త్రీ పెట్టె అచ్చు పడింది. సరిగ్గా అప్పుడే నర్సుగారు గుమ్మంలో నిలబడ్డారు. మర్నాడు సాయంత్రం ఆస్పత్రిలో ఆమెకు బహుమతి ఇస్తున్నారు, ఆ గౌను అందుకోసమే.

"ఏమిటోనండీ, పెట్టె వేడెక్కిపోయింది, గుడ్డ కాలిపోయింది" అనేశాను గుక్క తిప్పుకోకుండా.

అమ్మాయి తలెత్తింది. "అదే కాలిపోయిందా అమ్మా?"

వెక్కిరింపేమీ లేదు, నిజంగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ విద్య అది ఎవరి దగ్గర నేర్చుకుందో అప్పుడు తెలిసింది.

"లేదండీ, నేనే కాల్చాను" అన్నాను. "పెట్టె గుడ్డ మీదే వదిలేసి దీన్ని తిడుతూ కూర్చున్నాను. ముందు భాగం కొత్తగా కుట్టి రేపు మధ్యాహ్నానికి ఇస్తాను."

నర్సుగారు నిలబెట్టి కడిగేశారు. "రెండింటికి వస్తా. మళ్లీ ఇంకో కథ చెప్పావంటే ఊరుకోను" అని వెళ్లిపోయారు.

"ఏడుపు రాలేదా అమ్మా?"

"వచ్చింది. మింగేశాను. ఆ కత్తెర ఇలా ఇవ్వు, పనుంది."

అది నా పక్కనే కూర్చుని కుట్లు విప్పింది.

మర్నాడు బడికి వెంట రమ్మంది. "నువ్వు లోపలికి రాకు, కిటికీ దగ్గర నిలబడు" అని చెప్పి తను టీచర్ బల్ల ముందుకెళ్లింది.

"టీచర్, గ్లోబు... పగి... పగిలి..."

ఆగిపోయింది. ఇప్పుడు "పోయింది" అందంటే ఆ పిల్ల బ్యాడ్జీ అంతే, మా పిల్లా అంతే.

"పగలగొట్టాను! నేనే టీచర్. తను కాదు. ఎగరేసి పగలగొట్టాను!"

పక్క క్లాసుకు కూడా వినబడే ఉంటుంది. నేను చప్పట్లు కొట్టబోయి చేతులు చంకల్లో దాచుకున్నాను. టీచర్ గట్టిగానే చివాట్లు పెట్టారు. అది కదలకుండా నిలబడి పడింది. ఆ తరవాత టీచర్ సొరుగులోంచి బ్యాడ్జి తీసి రిబ్బన్ల పిల్లకు పెట్టారు. గ్లోబు అతికించే పని మా దానికి అప్పజెప్పారు. రిబ్బన్ల పిల్ల మాత్రం దీని వంక చూడనైనా లేదు.

గౌను రెండింటికి పది నిమిషాల ముందే సిద్ధం చేశాను. నర్సుగారు తిప్పి తిప్పి చూసి, మడత పెట్టుకుని తీసుకెళ్లారు.

సాయంత్రం మా అమ్మాయి వీధి మలుపు దగ్గర్నుంచే పరుగెత్తుకొచ్చింది. వేళ్లనిండా జిగురు, జుట్టుకీ జిగురే. వెనకాలే రిబ్బన్ల పిల్ల, ఆ పిల్ల వేళ్లకీ జిగురు.

"ఏమ్మా పోయిందమ్మా, గ్లోబు అతుక్కుపోయిందా?" అన్నాడు మా నాన్న అరుగు మీంచి.

"అతుక్కుపోలేదు తాతయ్యా" అంది అది రెండు చేతులూ పైకెత్తి. "అతికించాను!"