జీవిత భాగస్వామి సంతకం

హోమ్ లోన్ల టేబుల్ దగ్గర కూర్చున్న సరళ మేడం, కోటేష్ తెచ్చిన కాగితాలను ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టింది. డిశ్చార్జ్ బుక్, పెన్షన్ ఆర్డర్, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, ఆధార్, పాన్. ఇరవై నాలుగేళ్లు ఆర్మీలో చేసి హవల్దార్‌గా దిగిన మనిషి కాబట్టి, అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో వరుసగా, జిరాక్సులతో సహా ఉన్నాయి.

"ఇంత పద్ధతిగ పెట్టుకొని ఎవ్వరూ రారు సార్," అన్నది మేడం.

కోటేష్ నవ్వాడు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని తనతో ఇంతసేపు మాట్లాడటం ఆ వారంలో అదే మొదటిసారి.

బ్యాంకుకు రావడం మాత్రం ఇది మూడోసారి. మొదటిసారి వచ్చినప్పుడు, చండ్రుగొండ దగ్గరి తండాలో నాన్న వదిలిపోయిన భూమి కాగితం తెచ్చాడు. అది పోడు భూమి పట్టా, దాన్ని తాకట్టు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదని మేడం ఓపిగ్గా చెప్పింది. అప్పుడతను రిటైర్మెంటు డబ్బులు తీసి, వరసకు మామ అయ్యే లాల్‌సింగ్ దగ్గర రోడ్డు పక్కన నూటయాభై గజాల జాగా రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. రెండోసారి ఆ డాక్యుమెంట్లు చూపించాడు. ఇవాళ అప్లికేషన్ నింపడం మొదలైంది.

పేజీలు తిప్పుతున్న మేడం పెన్ను ఒక గడి దగ్గర ఆగింది.

"ఇక్కడ మీ ఇంటామె సంతకం కావాలె సార్. మీ పెన్షన్ చూసి లోన్ ఇస్తున్నం గదా. మీ తర్వాత ఫ్యామిలీ పెన్షన్ ఆమెకే వస్తది. అందుకని ఆమె గ్యారంటీ ఉండాలె. పెన్షన్ ఆర్డర్‌ల కళ్యాణి అని ఉన్నది. రేపు తీసుకొస్తరా?"

"ఆమె చర్ల దిక్కు ఉంటది మేడం. ఆడ నర్సు పని చేస్తది."

"అయితే సెలవు చూసుకొని రమ్మనండి."

"నేనే పోయి అడిగి పెట్టించుకొస్త," అన్నాడు కోటేష్. ఎందుకన్నాడో అతనికే తెలియలేదు. కళ్యాణిని చూసి తొమ్మిదేళ్లయింది. విడాకులు లేవు, పంచాయతీ లేదు. సర్కారు కాగితాల్లో మాత్రం వాళ్లిద్దరూ ఇంకా ఒక్క ఇల్లే.

చండ్రుగొండలో అతను ఉండేది ఒక కిరాయి గది. నలభై మంది గురకల మధ్య ఇరవై నాలుగేళ్లు నిద్రపోయినవాడికి ఆ గదిలో చప్పుడు లేకపోవడమే చప్పుడుగా ఉండేది. తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేది. లేచి గడ్డం గీసుకుని, బూట్లు తుడుచుకుని కూర్చున్నాక, పోవలసిన చోటేదీ లేదని గుర్తొచ్చేది. పప్పు వండితే రెండు రోజులకు మిగిలేది. తండాకు పోతే అందరూ మర్యాదగా మంచం వేసేవారు, "మిలిటరీ వచ్చిండు" అనేవారు. అతని నోట లంబాడీ మాటల్లో హిందీ కలిసి వస్తుంటే పిల్లలు నవ్వేవారు. కాసేపటికి ఎవరి పని మీద వాళ్లు లేచిపోయేవారు. వాళ్ల కష్టసుఖాల్లో అతను లేడు, అతని కష్టసుఖాల్లో వాళ్లు లేరు. అది ఎవరి తప్పూ కాదు.

ఇల్లు కావాలన్న కోరిక కూడా అట్లాగే పుట్టింది. గుడారాల్లో ఉన్నాడు, రేకుల బ్యారకుల్లో ఉన్నాడు, మంచు కొండల మీద ఇనప డబ్బాల్లాంటి గదుల్లో ఉన్నాడు. తన ఇష్టంతో గోడకు ఒక మేకు కొట్టుకున్న చోటు ఒక్కటి కూడా లేదు.

బుధవారం పొద్దున్నే బయలుదేరి కొత్తగూడెంలో బస్సు మారాడు. భద్రాచలంలో గోదావరి బ్రిడ్జి దాటి చర్ల బస్సు ఎక్కాడు. ఒక చోట పోలీసులు నక్సలైట్ల తనిఖీ అని బస్సు ఆపి అందరినీ దింపారు. చేతిలో ఫోల్డరు, నిటారుగా నిలబడే తీరు చూసి ఒక కానిస్టేబుల్ అతని దగ్గరే ఆగాడు.

"ఎక్కడికి? ఎవరి దగ్గరికి?"

కోటేష్ గుర్తింపు కార్డు చూపించాడు. "మా ఇంటామె దగ్గరికి," అన్నాడు. తొమ్మిదేళ్లలో ఆ మాట నోటితో అనడం అదే మొదలు. కానిస్టేబుల్ కార్డు తిరిగి ఇచ్చి, "పోండి సార్," అన్నాడు.

చర్ల నుంచి ఆటోలో ఇంకో ఏడు కిలోమీటర్లు. రోడ్డు సగం దాకే ఉన్నది, మిగతాది గుంటలు, కంకర. కళ్యాణి పనిచేసే సబ్‌సెంటర్ చిన్న రెండు గదుల బిల్డింగు. ఆ రోజు టీకాల రోజు కావడంతో వరండా నిండా తల్లులు, చంటిపిల్లలు. ఆశా వర్కర్ ముత్తక్క అతన్ని చూసి, "ఏ ఊరన్నా మీది? ఎవరికి బాగలేదు?" అని అడిగింది.

"ఎవరికీ ఏం కాలే. మేడంతోని పనుంది."

లోపల కళ్యాణి ఒక పసిదాని తొడ మీద సూది వేసి దూదితో అదుముతున్నది. కళ్లద్దాలు వచ్చాయి. చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి. తల్లితో కోయ భాషలో గలగలా మాట్లాడుతున్నది. ఈ తొమ్మిదేళ్లలో ఆమె ఒక కొత్త భాష నేర్చుకున్నది, అతను తన సొంత భాష సగం మరిచిపోయాడు.

తలెత్తి అతన్ని చూసింది. చేతిలో దూది అట్లాగే ఉన్నది.

"కూసో. ఇంక పది మంది ఉన్నరు," అన్నది. తెలుగులో అన్నది. పెళ్లయిన నాటినుంచీ వాళ్లిద్దరూ ఇంటి భాష తప్ప వేరే మాట్లాడుకోలేదు. ఆ ఒక్క మాటతో తాను ఆమెకు ఎంత దూరమయ్యాడో కోటేష్‌కు తెలిసింది.

గంటన్నర తర్వాత వరండా ఖాళీ అయింది. కళ్యాణి చేతులు కడుక్కుని వచ్చి బెంచీకి ఆ చివర కూర్చున్నది. అతను ఫోల్డరు తెరిచి ఫారం ఇచ్చాడు. ఆమె మొదటి పేజీ నుంచి అక్షరం వదలకుండా చదివింది.

"నువ్వు చచ్చిపోతే నేను కట్టాలె. బతికుంటే నాకేం సంబంధం లేదు. మంచిగున్నది నీ కాయితం," అన్నది. కోపంగా అనలేదు. పెదవి కొసన నవ్వు కూడా ఉన్నది.

"బ్యాంకోల్ల రూలు."

"మూడు రూములా? ఎవరెవరుంటరు?"

"నేనే."

"నువ్వొక్కనివి మూడు రూములల్ల ఏం జేస్తవ్?"

ప్లాను గీయించేటప్పుడు ఇంజినీరు అడిగితే నోటికి వచ్చింది మూడు. ఎందుకు మూడని ఇంజినీరు అడగలేదు.

కళ్యాణి కొంచెంసేపు బయటి ఎండను చూసింది. "అప్పుడు నీకు లీవ్ ఇచ్చి ఉంటే మనం గిట్ల ఉండకపోదుము," అన్నది.

ఆమె 'అప్పుడు' అన్నది తొమ్మిదేళ్ల కిందటి సంగతి గురించి. ఎనిమిదో నెలలో కడుపులో బిడ్డ పోయింది. కొత్తగూడెం దవాఖానాలో కళ్యాణి, ఆమె తల్లి తప్ప ఎవరూ లేరు. బిడ్డను చిన్న గుడ్డలో చుట్టి తీసుకుపోవడానికి ఊరివాళ్లు వచ్చారు. కోటేష్ లేహ్‌లో ఉన్నాడు, రాలేదు. లీవు దొరకలేదని ఫోనులో చెప్పాడు. తర్వాత ఆమెకు చర్ల దిక్కు ఉద్యోగం వచ్చింది. లీవుల్లో వచ్చినా అతను ఇటు రాలేదు, ఆమె పిలవలేదు.

కళ్యాణి తెల్లకోటు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పింది. ఫారాన్ని మోకాలి మీద సర్దుకున్నది. "యాడ పెట్టాలె?"

వేలు పెట్టి చూపిస్తే అయిపోయేది. కోటేష్ చెయ్యి కదల్లేదు.

"లీవ్ ఇచ్చిన్రు కళ్యాణీ," అన్నాడు.

ఆమె తలెత్తింది.

"పదిహేను రోజులిచ్చిన్రు. సాబ్ సంతకం గూడ పెట్టిండు. గప్పుడే హవల్దార్ ప్రమోషన్ కోర్సు మొదలైతున్నది. ఇడిసిపెట్టి వస్తే మళ్ల రెండేండ్లు ఆగాలె. నేనే లీవ్ కాన్సిల్ చేయించుకున్న. నీకు దొరకలేదని చెప్పిన. తర్వాత ఏ మొకం పెట్టుకొని రావాల్నో తెల్వలే."

కళ్యాణి పెన్నుకు మూత పెట్టింది.

"చెప్పకుంటే సంతకం పెడుదును గదా."

"తెలుసు."

"మరెందుకు చెప్పినవ్?"

"ఏమో. నీ చేతిల పెన్ను జూసినంక ఊకుండబుద్ధి కాలే."

ఆమె ఫారాన్ని మడత పడకుండా ఫోల్డరులో పెట్టి, బెంచీ మీద అతని వైపు జరిపింది.

"తొమ్మిదేండ్లు నేను మిలిటరీని తిట్టుకున్న," అన్నది మెల్లగా. "పెద్ద సార్లను తిట్టుకున్న. వాల్లకు పెండ్లాం పిల్లలుండరా అనుకున్న. నిన్ను మాత్రం ఒక్కనాడు తిట్టలే. పాపం, ఆ మంచుల ఒక్కడే ఎంత ఏడ్సిండో అనుకున్న."

కోటేష్ తల వంచుకున్నాడు. ఆమె లేచి నిలబడింది.

"బస్సు మూడు గంటలకున్నది. అన్నం తిన్నవా?"

"తిన్న."

అబద్ధమని ఆమెకు తెలిసింది. లోపలికి పోయి ముత్తక్కతో ఏదో చెప్పి, రిజిస్టర్లు ముందేసుకుని అటు తిరిగి కూర్చున్నది. ముత్తక్క ఒక స్టీలు డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. జొన్న రొట్టెలు, పచ్చిమిరపకాయ కారం. వరండాలో ఒక్కడే కూర్చుని తిన్నాడు. బోరింగు దగ్గర డబ్బా కడిగి కిటికీలో బోర్లించి, చెప్పకుండానే బయలుదేరాడు.

ఎనిమిది రోజుల తర్వాత, సాయంత్రం పొయ్యి మీద బియ్యం పెడుతుంటే ఫోను మోగింది. నంబరు చూసి గ్యాసు కట్టేశాడు.

"ఆ కోర్సు పాసయినవా?" అని అడిగింది కళ్యాణి. ఇంటి భాషలో అడిగింది.

"అయిన."

"ఎన్నో నంబరు?"

"రెండో నంబరు."

పెట్టేసిందేమోనని చెవి దగ్గరి నుంచి ఫోను తీసి చూశాడు. లేదు, ఉన్నది. అవతల దూరంగా ఎవరిదో మేక అరుస్తున్నది.

"మంచిగ," అన్నది ఆమె. ఫోను కట్టయింది.

ఆ రాత్రి వంట చేసుకోలేదు. ఆ మాటలో కోపం ఉన్నదా, ఎగతాళి ఉన్నదా, లేక ఎవరో దూరపు చుట్టాన్ని అడిగినట్టు ఉత్తగా అడిగిందా అని ఎంత ఆలోచించినా అతనికి తెగలేదు. తిరిగి ఫోను చేయాలని రెండుసార్లు నంబరు దాకా పోయి ఆగిపోయాడు. తన మాట తను చెప్పేశాడు, ఇక మాట్లాడవలసింది ఆమె అనిపించింది.

మళ్లీ బ్యాంకుకు పోయినప్పుడు సరళ మేడం ఖాళీ గడి చూసింది. ఒక క్షణం అతని ముఖం చూసి, కంప్యూటరు వైపు తిరిగింది.

"ఇంకో దారి ఉన్నది సార్. జాగా తాకట్టుతోపాటు, పెన్షన్ వచ్చే ఇంకో మాజీ సైనికుని గ్యారంటీ తెస్తే పై వాల్లకు రాసి చూస్త. కానీ తక్కువొస్తది. మూడు రూములకు సరిపోదు."

"ఒక్క రూము, వంటిల్లు. అంతే చాలు మేడం."

గ్యారంటీకి ఎర్రుపాలెం నుంచి గణేష్ వచ్చాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే యూనిట్‌లో ఉన్నవాళ్లు. ఫోనులో విషయం సగం చెప్పగానే, "ఎప్పుడు రమ్మంటావు చెప్పు, వచ్చేస్తా," అన్నాడు. వచ్చి సంతకం పెట్టి, టీ తాగి, మనవరాలి పుట్టినరోజని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు.

మేడం కొత్త ఫారం నింపుతూ అడిగింది. "పెళ్లి అయిందా అనే దగ్గర ఏం రాయాలె సార్?"

"అయిందనే రాయండి."

"లోన్ ఇన్సూరెన్సుకు నామినీ?"

"నామినీ సంతకం కావాల్నా?"

"అవసరం లేదు. పేరు చాలు."

"అయితే కళ్యాణి అని రాయండి."

నెల తర్వాత లోను మంజూరైన కాగితం వచ్చింది. తర్వాతి పొద్దున కోటేష్ సున్నం సంచి, మేకులు, టేపు పట్టుకుని జాగాకు పోయాడు. మేస్త్రి వచ్చేది పదింటికి. అంతదాకా ఆగబుద్ధి కాలేదు. పొలాల మీద ఇంకా మంచు ఉన్నది. రోడ్డు మీద కూలీల ఆటో ఒకటి పోయింది, అందులోంచి ఎవరూ ఇటు చూడలేదు.

టేపు కొలవాలంటే ఇద్దరు కావాలి. అతను ఒక మేకు దిగ్గొట్టి, టేపు కొసను దానికి తగిలించి, రెండో కొస పట్టుకుని నడిచాడు. సగం దూరం పోయేసరికి అది ఊడి వచ్చింది. వెనక్కి వచ్చి ఈసారి పైన రాయి పెట్టాడు. మళ్లీ నడిచాడు.

"పన్నెండు ఫీట్లు!" అని గట్టిగా అన్నాడు. ఆర్మీలో అట్లాగే అనేవారు, అటువైపు ఒకడు నోట్ చేసుకునేవాడు.

తర్వాత టేపును కాలితో తొక్కిపట్టి, జేబులోని పెన్ను తీసి, పన్నెండు అని తన అరచేతిలోనే రాసుకున్నాడు.