తాడుకే వేసిన ముడి

రేవులో మునిగిపోయిన సామాన్లు పైకి తీసే కంపెనీలో బావా, బావమరిదీ ఇద్దరూ డైవర్లే. బావది పెద్ద చెయ్యి, అంతకంటే పెద్ద నోరు. బావమరిది నోట్లోంచి మాట రావడమే గగనం. అందుకే తోటివాళ్లు అతన్ని మౌనస్వామి అనేవాళ్లు.

ఆ రోజు మునిగిన పడవ ఇంజనుకు తాడు కట్టాలి. ఎప్పటికంటే బాగా లోతు. అడుగుకు చేరాక బావకు ప్రాణం హాయిగా ఉంది. బుర్ర పాదరసంలా పనిచేస్తున్నట్టనిపించింది. ముడి వేస్తుంటే బావమరిది భుజం తట్టి, పైకి పోదామని బొటనవేలు చూపించాడు. బావ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ తట్టాడు. బావ నవ్వాడు. ఇక లాభం లేదని అతను నడుం పట్టీ పట్టుకుని లాగబోతే, బావకు చిర్రెత్తుకొచ్చి కాలు ఝాడించాడు. మడమ తగిలి బావమరిది నోట్లోని గాలి గొట్టం ఊడిపోయింది. నీళ్లు మింగి, ఉక్కిరిబిక్కిరై, మారే ఒత్తిడికి ఒళ్లు సర్దుకునేందుకు దారిలో ఆగాల్సిన చోట ఆగకుండా ఒక్క ఊపున పైకి తేలిపోయాడు. బావ వెనకాలే బయల్దేరాడు గానీ, అలవాటు కొద్దీ దారిలో ఆగుతూ వచ్చాడు.

బావమరిదికి ప్రాణం దక్కింది. అలా ఆగకుండా పైకి వచ్చినందుకు ఎడమ కాలు మాత్రం మళ్లీ స్వాధీనంలోకి రాలేదు.

"ఇంకొక్క ముడి పడితే పనైపోయేది సార్. వాడు హడలిపోయాడు," అని బావ మేనేజరుకు చెప్పాడు. తాడు ఇంజనుకు లేదేమని అడిగితే, "వాడి లాగుడుకే ఊడొచ్చింది" అన్నాడు. అది అబద్ధమని అతనికే తెలియదు. కంపెనీ బావమరిదిని పిరికివాడని పక్కన పెట్టేసింది. అతను లైఫ్ జాకెట్లు కుట్టే కొట్లో కుదురుకున్నాడు.

కొన్నేళ్లకు కంపెనీలో చేరిన డాక్టరమ్మ, డైవర్లను ఇనప గదిలో కూర్చోబెట్టి, లోతులో ఉండేంత ఒత్తిడి పెట్టించింది. తలా ఒక పళ్లెంలో బోల్టులు, నట్లు ఇచ్చి బిగించమంది. బావ అందరికంటే ముందే ముగించి, కాలు మీద కాలు వేసుకున్నాడు. ఒత్తిడి తగ్గుతుంటే కళ్లకు కమ్మిన పొర వీడినట్టయింది. పళ్లెంలో ఒక్క బోల్టుకూ నట్టు లేదు.

"నావి విప్పిందెవరు?" అని కయ్యిమన్నాడు.

"ఎవరూ ముట్టుకోలేదన్నా," అన్నాడు పక్కనున్న డైవరు. "నువ్వే బిగించావు, నువ్వే విప్పావు. అదే పనిగా. ఆపబోతే నా చెయ్యి తోసేశావు."

"లోతులో మనం పీల్చే గాలే మత్తెక్కిస్తుంది," అంది డాక్టరమ్మ. "ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఎక్కినట్టు ఎక్కినవాడికే తెలియదు."

మత్తు సంగతి బావ విననిది కాదు. కొత్తవాళ్లకే వస్తుందనుకున్నాడు, అంతే. అక్కణ్నించి తిన్నగా బావమరిది కొట్టుకు వెళ్లాడు.

"ఏరా, ఆ రోజు నేను ముడి వేశానా?"

కుట్టుమిషను ఆగింది. "వేశావు బావా. తాడుకే. ఆ తాడుని ఆ తాడుకే కట్టుకుంటూ కూర్చున్నావు."

"మరి చెప్పలేదేంరా?"

"అక్కకి ఒకసారి చెప్పాను. తప్పంతా మీ బావ మీదికి నెడతావా అని ఏడ్చింది. ఇక ఊరుకున్నా."

"నన్ను నిలదీయాల్సింది కదరా!"

"అబద్ధమాడుతుంటే నిలదీసేవాణ్ని. నువ్వు నిజమనుకునే చెప్తున్నావు. నీతో ఏమని పోట్లాడను?"

మర్నాడు అందరి ముందూ బావ ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు తల పంకించి, పాత సంగతులిప్పుడెందుకన్నాడు. ఇంటికొచ్చి భార్యకు చెబితే, ఆమె పొయ్యి ఆపి, తమ్ముడి ఇంటికి నడిచింది. వెనకే వెళ్లిన బావ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల ఆమె ఏడుస్తోంది. "ఊరుకో అక్కా, నీకు మాత్రం ఎలా తెలుస్తుంది," అంటున్నాడు మౌనస్వామి. ఓదార్చాల్సింది ఎవరు, ఓదారుస్తున్నది ఎవరు అనుకుంటూ బావ చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడిపోయాడు.